బిగించేటప్పుడు బయటపడే తప్పులు: చేతిపెన్నుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ చివరి పది నిమిషాల గురించే. కర్ర కోసి, తొలిచి, ఇత్తడి గొట్టం అతికించి, లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తిప్పి, పాలిష్ పెట్టి, రెండు మూడు సాయంత్రాలు కష్టపడతాం. తీరా భాగాలు నొక్కి బిగించేటప్పుడు ఏదో ఒకటి తేడా కొడుతుంది. చాలాసార్లు ఆ తప్పు అప్పటిది కాదు, రెండు రోజుల కిందే జరిగి అప్పటిదాకా దాక్కుని ఉంటుంది.

ప్రశ్న: సార్, 7 మి.మీ. స్లిమ్‌లైన్ కిట్ (గొట్టాలు, లోహ భాగాలు కలిపి అమ్మే సెట్టు)తో టేకు పెన్ను చేశాను. మెకానిజం, అంటే తిప్పితే రీఫిల్‌ని కదిలించే భాగం, దాని మీదున్న గీత దాకా నొక్కమని కిట్‌లోని కాగితంలో ఉంది, అలాగే నొక్కాను. ఇప్పుడు పెన్ను తిప్పి మూసినా రీఫిల్ మొన బయటే ఉంటోంది. రెండు చొక్కాల జేబులు పాడయ్యాయి, మా ఆవిడ ఇంక ఈ పెన్నులు ఆపమంటోంది.
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: ముందు మీరు ఒక్క మాట చెప్పాలి. కర్ర చివర్లు చదును చేసేటప్పుడు ఇత్తడి గొట్టం కూడా కాస్త అరిగిందా? అరిగే ఉంటుంది. ఆ గీత, కింది బ్యారెల్ (కర్ర తొడిగిన కింది గొట్టం) పొడవు కిట్‌లో వచ్చినంతే ఉందనుకుని పెట్టింది. గొట్టం 1 మి.మీ. అరిగితే గీత దాకా నొక్కిన మెకానిజం, పెన్ను మొనకి 1 మి.మీ. దగ్గరగా వచ్చేస్తుంది, రీఫిల్ కూడా అంతే మేర బయటికొస్తుంది. మెకానిజం తిప్పితే రీఫిల్ కదిలే దూరం ఎప్పుడూ ఒకటే కాబట్టి, తెరిచినప్పుడు ఎక్కువ బయటికొచ్చింది మూసినప్పుడు పూర్తిగా లోపలికి పోదు. కాగితం చెప్పినట్టే చేశారు, తప్పు మీది కాదు, కానీ కాగితానికి మీ గొట్టం ఎంత అరిగిందో తెలియదు కదా.

ఇప్పుడేం చేయాలంటే, పై బ్యారెల్ లాగేసి, రీఫిల్ తీసేసి, బయటికున్న మెకానిజం చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, ప్లయర్‌తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ లాగండి. మెకానిజం పాడైపోవచ్చు, పోనివ్వండి, అది విడిగా దొరుకుతుంది, మీరు తిప్పిన టేకు ముక్క మాత్రం ఎక్కడా దొరకదు. వేడి చేస్తే వదులవుతుందని ఎవరైనా చెబితే వినకండి. వేడికి గొట్టం పట్టి ఉంచిన సూపర్ గ్లూ మెత్తబడి గొట్టమే ఊడొస్తుంది, అప్పుడు అసలుకే మోసం.

కొత్త మెకానిజం పెట్టేటప్పుడు గీత సంగతి మర్చిపోండి. గీతకి 3 మి.మీ. ముందే ఆపి, రీఫిల్ బిగించి, తెరిచి చూడండి. రీఫిల్ మొన, పెన్ను చివరి లోహపు కోన్ బయటికి 2 మి.మీ. పైచిలుకు కనిపించాలి, మూసినప్పుడు లోపలికి పోవాలి. చాలకపోతే వెంట్రుక వాసి నొక్కండి, మళ్ళీ చూడండి. నొక్కడం ఎన్నిసార్లయినా నొక్కొచ్చు, వెనక్కి లాగడమే కష్టం. బెంచి వైస్‌తో నొక్కుతుంటే హ్యాండిల్ పావు చుట్టు తిప్పి ఆపాలి, అంతకు మించి ఒక్కసారి తిప్పొద్దు. నేనైతే మెకానిజం ఎంత దూరం పోవాలో ఒక చెక్క ముక్క అడ్డు పెట్టి ఆపేస్తాను, అది కోసి పెట్టుకోవడానికి పట్టేది ఐదు నిమిషాలు.

ప్రశ్న: మాది ఏటికొప్పాక దగ్గర ఊరు. బొమ్మలు చేసే అంకుడు కర్ర తెచ్చి పెన్నులు చేస్తున్నాను. పెన్ను మొన దగ్గరి లోహపు భాగం నొక్కగానే కర్ర చివర సన్నగా చీలుతోంది, ఐదింటిలో మూడు అలాగే పోయాయి. కర్ర మెత్తగా ఉండడం వల్లేనా?
– అనకాపల్లి జిల్లా పాఠకురాలు

జవాబు: కర్రని తిట్టకండమ్మా. మా వీధిలో ఒకాయన రోజ్‌వుడ్ పెన్ను కూడా ఇలాగే చీల్చుకున్నాడు, అదేమీ మెత్తనిది కాదు. నాకు అనుమానం గొట్టం లోపలి జిగురు మీద. గొట్టం అతికించేటప్పుడు జిగురు లోపలికి పోయి గట్టిపడితే రంధ్రం ఆ మేరకు ఇరుకవుతుంది. మొన భాగం ఆ ఇరుకులో దూరాలంటే గొట్టం ఉబ్బాలి, గొట్టం ఉబ్బితే పైనున్న కర్ర చీలాలి. చిన్న గుండ్రని ఆకురాయితో లోపల గీకండి, మెరిసే ఇత్తడి కనిపించేదాకా. ఈసారి నుంచి అతికించే ముందు గొట్టం చివరని పచ్చి బంగాళదుంప ముక్కలో గుచ్చండి, దుంప బిరడాలా మూసేస్తుంది, జిగురు లోపలికి పోదు, ఆరాక తోసేయొచ్చు. నవ్వొస్తుంది కానీ ఇది పెన్నులు చేసేవాళ్ళలో బాగా నడిచే చిట్కానే.

రెండోది తేమ. అంకుడు ఏ కాస్త పచ్చిగా ఉన్నా, మీరు తిప్పేసిన తరువాత కూడా ఆరుతూనే ఉంటుంది, ముడుచుకుంటుంది, లోపలున్న ఇత్తడి మాత్రం ముడుచుకోదు. వంటింటి తూకం మీద ముక్కని వారానికోసారి తూచి రాసుకోండి, బరువు తగ్గడం ఆగినప్పుడే చేతిలోకి తీసుకోండి. తిరుగుతున్న లేత్ మీద ఎమరీ పేపర్ గట్టిగా అదిమి పట్టకండి, వేడికి కంటికి కనపడని చీలికలొస్తాయి, నొక్కినప్పుడు అవే పెద్దవవుతాయి. వేలు పెట్టి చూసి చురుక్కుమంటే ఆపేయాలి.

ఇక చీలిపోయిన మూడింటినీ పారేయకండి. సన్నగా పారే సూపర్ గ్లూ ఒక్క చుక్క చీలిక మీద వదిలితే అదే లోపలికి పీల్చుకుంటుంది. వెంటనే ఆ కర్ర పొట్టే చల్లి, ఆరాక ఎమరీతో రుద్దండి. లోహం మీద ముందే టేపు చుట్టడం మరవకండి.

ప్రశ్న: రెండు బ్యారెళ్ళకీ మధ్య రింగు దగ్గర ఒక పక్క సందు కనిపిస్తోంది, ఎంత నొక్కినా పోవట్లేదు.

జవాబు: నొక్కడం ఆపండి, అది నొక్కితే పోయేది కాదు. కర్ర చివర గొట్టానికి లంబంగా లేదు, లేదా పూతకి వాడిన సూపర్ గ్లూ చివర మీద గడ్డకట్టింది. విడదీసి, చదునైన గాజు మీద ఎమరీ పేపర్ పరిచి, చివరని నిటారుగా పట్టుకుని రెండు మూడు సార్లు రుద్దండి, ఎక్కువ రుద్దితే పైన కరీంనగర్ గారి కథే. బిగించక ముందే రెండు ముక్కలూ చివర చివర ఆనించి దీపం ముందు పట్టుకుంటే వెలుతురు ఎక్కడ దూరుతోందో చూపించేస్తుంది.

ప్రశ్న: ఎబొనైట్ (గట్టి రబ్బరు) రాడ్ కొని సొంతంగా ఫౌంటెన్ పెన్ను చేశాను, ఇంకు బ్యారెల్‌లోకే పోసే రకం. బిగించే మర చుట్ల దగ్గర కారుతోంది. మరకి వేజలీన్ రాశాను, లాభం లేదు. ఇంకు సగానికి తగ్గాక పాళీ నుంచి కూడా బొట్లు పడుతున్నాయి.
– రాజమండ్రి పాఠకుడు

జవాబు: రాజమండ్రిలో ఉండి నన్నడుగుతున్నారా! రత్నం పెన్నుల వారు 1930ల నుంచీ ఎబొనైట్ తిప్పుతున్న ఊరు మీది. సరే, చూద్దాం. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది, ఇంకుని ఆపాల్సింది మర కాదు. పాళీ ఉండే ముందు భాగం అంచు, బ్యారెల్ అంచు మీద చుట్టూతా సమంగా కూర్చోవాలి, అదే ఇంకుని ఆపేది. అంచు మీద పెన్సిల్ గీతలు గీసి, బిగించి, విప్పి చూడండి. గీతలు ఒక పక్కే చెరిగితే అంచు వంకరగా ఉన్నట్టు, లేత్ మీద మళ్ళీ చదును చేయాలి. వేజలీన్ తుడిచేయండి, ఎబొనైట్ రబ్బరు జాతి, పెట్రోలియం సరుకు దానికి మంచిది కాదు. సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే చాలు. మంచినీళ్ళు పోసి, టిష్యూ కాగితం చుట్టి, రాత్రంతా పడుకోబెట్టి చూశాకే ఇంకు పోయండి.

రెండోదానికి కారణం మీ చెయ్యి. ఇంకు తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని ముందుకి తోస్తుంది. బ్యారెల్ గోడ మరీ పలచగా తిప్పి ఉంటే ఇది ఇంకా ఎక్కువ. ఇప్పుడు గోడ మందం పెంచలేరు కాబట్టి, సగానికి తగ్గక ముందే నింపుకోండి. ఎండాకాలం జేబులో పెట్టుకుని తిరిగి వస్తే, టోపీ తీసే ముందు పెన్నుని పాళీ పైకి ఉండేలా నిలబెట్టి కాసేపు చల్లారనివ్వండి.