టెక్ సందేహాలు: క్రాక్ గేమ్ కోసం యాంటీవైరస్ ఆపవచ్చా?

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి నాలుగు వేల రూపాయల కొత్త గేమ్‌ను ఎక్కడి నుంచో ఉచితంగా దింపుకున్నాడు. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమని అందులో రాసి ఉంది. క్రాక్ ఫైళ్లకు తప్పుడు హెచ్చరికలు రావడం మామూలేనని, వేల కోట్ల కంపెనీకి తన ఒక్కడి వల్ల వచ్చే నష్టమేమీ లేదని అంటున్నాడు. నా బ్యాంకు పనులన్నీ ఆ కంప్యూటర్‌లోనే జరుగుతాయి. ఆపవచ్చా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: ఆపకూడదు. గేమ్ పేరు మారుతుందే తప్ప ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంది కనుక, ఈసారి కొంత విస్తరించి చెబుతాను.

మీ అబ్బాయి మాటలో కొంత నిజముంది. గేమ్‌కు వేసిన తాళాన్ని తప్పించడానికి అసలు ప్రోగ్రామ్‌ను మార్చి రాసినదే క్రాక్. అలా మార్చే పద్ధతులు వైరస్‌లు వాడే పద్ధతులను పోలి ఉంటాయి కాబట్టి, హాని చేయని క్రాక్‌ను కూడా యాంటీవైరస్ అనుమానించవచ్చు. నన్ను కలవరపెడుతున్నది సరిగ్గా ఈ సగం నిజమే. వచ్చే హెచ్చరిక అబద్ధమని ముందుగానే నమ్మించిన తరువాత, నిజమైన హెచ్చరిక వచ్చినా పట్టించుకునేవారు ఉండరు. 2021 జూన్‌లో యాంటీవైరస్ తయారుచేసే అవాస్ట్ సంస్థ బయటపెట్టిన క్రాకనోష్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఈ అలవాటునే ఆసరా చేసుకుంది. పేరున్న గేమ్‌ల క్రాక్ కాపీలతో పాటు కంప్యూటర్‌లోకి చేరి, విండోస్‌ను అత్యవసర భాగాలతో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిపించి, యాంటీవైరస్ పనిచేయని ఆ సమయంలో దాన్ని తొలగించి, విండోస్ అప్‌డేట్‌ను కూడా ఆపివేసి, ఆ తరువాత యజమానికి తెలియకుండా ఆ కంప్యూటర్ శక్తితోనే మొనేరో అనే క్రిప్టో కరెన్సీని తవ్వుకునేది (దీన్నే మైనింగ్ అంటారు). దాని బారిన పడిన కంప్యూటర్లు 2,22,000 పైగా ఉన్నాయనీ, దాన్ని నడిపినవారు 20 లక్షల డాలర్లకు పైగా సంపాదించారనీ ఆ సంస్థ లెక్క కట్టింది.

మైనింగ్ జరిగితే కంప్యూటర్ వేడెక్కుతుంది, ఫ్యాన్ మోత పెరుగుతుంది, కనుక ఏదో ఒకనాడు అనుమానమైనా వస్తుంది. అంతకంటే నేను భయపడేది ఇన్ఫోస్టీలర్‌ల గురించి, అంటే కంప్యూటర్‌లో దాచిన లాగిన్ వివరాలను దొంగిలించే మాల్‌వేర్ గురించి. మీరు ఒకసారి ఈమెయిల్‌లోకి లాగిన్ అయ్యాక ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకుండా ఉండేందుకు బ్రౌజర్ ఒక సెషన్ కుకీని దాచుకుంటుంది. ఇన్ఫోస్టీలర్ దాన్ని కాపీ చేసి పంపిస్తే, అవతలివాడు మీ పాస్‌వర్డ్ తెలియకుండా, మీ ఫోన్‌కు ఓటీపీ రాకుండా, మీ పేరుతో నేరుగా మెయిల్‌లోకి ప్రవేశించగలడు. బ్యాంకు సైట్లు కొద్ది నిమిషాలకే లాగౌట్ చేస్తాయి కానీ, మెయిల్ నెలల తరబడి తెరిచే ఉంటుంది. చాలా ఖాతాల పాస్‌వర్డ్‌లను మార్చుకునే దారి ఆ మెయిల్ గుండానే పోతుంది. ఈ దొంగతనం నిమిషాల్లో ముగుస్తుంది. గేమ్ మాత్రం చక్కగా నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే, ఆ కంప్యూటర్‌లోనే కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చవద్దు, కొత్తవి కూడా అటే పోతాయి. వేరే పరికరం నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేసి, తరువాత ఆ కంప్యూటర్‌లో డిస్క్‌ను పూర్తిగా చెరిపి విండోస్‌ను కొత్తగా వేయించండి.

ఇక నష్టం సంగతి. దింపుకున్న ప్రతి కాపీనీ పోయిన అమ్మకంగా లెక్కించే కంపెనీల వాదన నాకు సమ్మతం కాదు, ఎందుకంటే కొనే స్తోమత లేనివారు క్రాక్ దొరకకపోయినా కొనరు. యూరోపియన్ కమిషన్ చేయించి, 2017లో వెలుగు చూసిన అధ్యయనంలో కూడా, కొత్తగా విడుదలైన భారీ సినిమాల విషయంలో తప్ప పైరసీ అమ్మకాలను తగ్గిస్తోందనడానికి బలమైన గణాంక ఆధారం దొరకలేదు. అయితే క్రాక్ కాకుండా డెనువో అనే తాళం వేసిన గేమ్‌లను పరిశీలించి 2024లో ప్రచురించిన మరో పరిశోధన ఇంకొంచెం సూక్ష్మంగా చూసింది. విడుదలైన వెంటనే క్రాక్ వచ్చిన గేమ్‌ల మొత్తం ఆదాయం సగటున 20 శాతం పడిపోతుందని, ఆ తాళం 12 వారాలు నిలిచిన తరువాత క్రాక్ వస్తే నష్టం దాదాపు ఉండదని అది అంచనా వేసింది. మీ అబ్బాయి దింపుకున్నది కొత్త గేమ్, అంటే నష్టం ఎక్కువగా జరిగే కాలంలోనే దింపుకున్నాడు.

పెద్ద కంపెనీ ఆ దెబ్బకు తట్టుకోగలదు, ఇద్దరు ముగ్గురు కలిసి తయారుచేసే గేమ్‌కు ఆ శక్తి ఉండదు. 2013లో గేమ్ డెవ్ టైకూన్ అనే గేమ్‌ను తయారుచేసినవారు క్రాక్ కాపీ ఒకదాన్ని తామే బయటికి వదిలారు. మొదటి రోజు ఆడినవారిలో 93.6 శాతం మంది ఆ కాపీనే ఆడారు. అందులో ఆటగాడు నడిపే గేమ్ కంపెనీ పైరసీ వల్ల దివాలా తీస్తుంది. డబ్బు చెల్లించకుండా ఆడుతున్నవారిలో కొందరు, ఇది అన్యాయమని ఫిర్యాదులు కూడా రాశారు. హైదరాబాద్‌లోనూ గేమ్ స్టూడియోలలో వందలాది యువకులు పనిచేస్తున్నారు. మీ అబ్బాయి చదువు రేపు అతన్ని అటువంటి చోటికే తీసుకెళ్లవచ్చు.

చట్టం మాటకొస్తే, కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, తెలిసి దొంగ ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో వాడినవారికి ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. వ్యాపార లాభం కోసం కాకుంటే న్యాయస్థానం జైలు లేకుండా జరిమానాతో వదిలే వీలుంది.

ప్రశ్న: డబ్బు పెట్టి కొన్న గేమ్‌కు సర్వర్లు ఆపేశారు. దానికి క్రాక్ వాడినా దొంగతనమేనా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మిమ్మల్ని దొంగ అనడానికి నాకు మనసొప్పదు. ఒంటరిగా ఆడుకునే గేమ్‌కు కూడా నిరంతరం ఇంటర్నెట్ ఉండాలనే నిబంధనను నేను మొదటి నుంచీ వ్యతిరేకిస్తున్నాను. దాని ఇబ్బందిని పూర్తిగా భరించేది కొన్నవారే, క్రాక్ వాడేవారు దాన్ని తప్పించుకునే ఆడతారు. 2014లో విడుదలైన ద క్రూ అనే గేమ్ సర్వర్లను 2024 మార్చి 31 తరువాత మూసివేయడంతో, దాన్ని కొన్నవారెవరూ ఒంటరిగానైనా ఆడలేకపోయారు. ఆ కోపం నుంచి పుట్టిన, కొన్న గేమ్‌లను ఇలా పనికిరాకుండా చేయవద్దని కోరే యూరప్ పిటిషన్‌పై 2025లో పది లక్షల సంతకాలు దాటాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని చెప్పకుండా ఇటువంటి డిజిటల్ సరుకును కొనుగోలు అనే మాటతో అమ్మడానికి వీల్లేదు. మన దగ్గర కూడా అటువంటి నియమం రావాలి.

మీ కోపం న్యాయమైనదే కానీ, క్రాక్‌లో దాగిన మాల్‌వేర్ మీరు డబ్బు చెల్లించారా లేదా అని చూడదు. ఇకముందు కొనేటప్పుడు, తాళం లేకుండా అమ్మే దుకాణంలో ఆ గేమ్ దొరుకుతుందేమో చూడండి. పైరసీ విపరీతంగా ఉన్న 1990ల పోలండ్‌లో అసలు డిస్క్‌లు అమ్మి నిలదొక్కుకున్న వ్యాపారులే 2008లో అటువంటి జీఓజీ (GOG) అనే ఆన్‌లైన్ దుకాణాన్ని తెరిచారు. అక్కడ కొన్న గేమ్ ఇన్‌స్టాలర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో దాచుకోవచ్చు. అన్ని గేమ్‌లూ అక్కడ ఉండవు. లేనివాటి విషయంలో, నిరంతరం ఇంటర్నెట్ కావాలని వివరాల్లో రాసి ఉంటే, సర్వర్లు ఉన్నన్నాళ్లకు కడుతున్న అద్దెగా భావించి ఆ ధర మీకు సమ్మతమైతేనే కొనండి.