ఆసుపత్రిలో సేవ బాగుంటే పేషెంట్లు మళ్ళీ అక్కడికే వస్తారా?

వస్తారు. కానీ సేవ అంటే ఏసీ గదులు, లిఫ్టు అనుకుంటే మాత్రం కాదు. మాది జడ్చర్ల దగ్గర పల్లె. నాయినకు షుగర్. మూడేళ్ల కింద కాలికి పుండు పడితే మహబూబ్‌నగర్‌లో రెండు ఆసుపత్రులు తిరిగాం.

మొదటిది అద్దాల బిల్డింగు. డాక్టర్ పుండు బాగానే చూశాడు, ఆ మాట కాదనను. కానీ నాయినతో ఒక్క మాట మాట్లాడలేదు, జూనియర్‌కు ఇంగ్లీషులో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. పొద్దున పదింటికి డిశ్చార్జ్ అన్నారు. బిల్లు తేలలేదని రాత్రి ఏడింటిదాకా కూర్చోబెట్టారు. ఇప్పుడే పోతాం కదా అని నాయిన మధ్యాహ్నం అన్నం తినలేదు. మూడింటికల్లా చేతులు వణికి ఒళ్ళంతా చెమటలు. పక్క బెడ్ వాళ్ళు చక్కెర నీళ్ళు కలిపిస్తే తేరుకున్నాడు. పోయేటప్పుడు ఫోన్ చేతికిచ్చి స్టార్లు ఇవ్వమన్నారు. ఫైలు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, ఐదూ ఇచ్చాను. అట్లాంటి స్టార్లు లెక్కబెట్టుకుంటే పేషెంటు మనసు ఎట్లా తెలుస్తుంది?

రెండోది పాత బిల్డింగు, కూర్చోవడానికి సరైన బెంచీ లేదు. అక్కడి సిస్టర్ మా అమ్మకు చదువు రాదని కనిపెట్టి, మందుల కవర్ల మీద పెన్నుతో బొమ్మలు గీసింది. పొద్దుటి గోలీలకు సూర్యుడు, మధ్యాహ్నానికి కంచం, రాత్రికి చందమామ. "పెద్దమ్మా, ఏది ఎప్పుడు వెయ్యాలో ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అని అమ్మతోనే చెప్పించింది. నేను ఇంట్లో లేకున్నా ఒక్క పూట తప్పలేదు. పుండు మానింది.

వైద్యం ఎంత మంచిదో మనలాంటి వాళ్ళకు తెలిసేది తక్కువ. ఎట్లా మాట్లాడారు, ఖర్చు ముందే చెప్పారా, ఎంతసేపు కూర్చోబెట్టారు, ఇవే తెలుస్తాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మా పాలమూరు ఒకటి. చేతిలో కార్డుండి డబ్బు టెన్షన్ లేనప్పుడు మా ఊరివాళ్ళు మర్యాదగా పలకరించే చోటికే పోయారు.

అట్లాగని మళ్ళీ వచ్చినవాళ్ళంతా నచ్చి వచ్చారనుకోవద్దు. వేరే చోటికి పోతే టెస్టులన్నీ మళ్ళీ రాస్తారని భయపడి వచ్చేవాళ్ళే సగం మంది. నిన్న తీసిన ఎక్స్‌రే ఇవాళ ఎందుకు పనికిరాదో ఒక్కరూ చెప్పరు.

నిరుడు ఆ సిస్టర్ వేరే ఆసుపత్రికి మారింది. మోకాళ్ళ నొప్పికి ఎటు పోదామని అమ్మను అడిగితే, ముందు ఆమె ఎక్కడుందో కనుక్కోమంది.