మాట – వాడుక: కుమ్మరి

ప్రశ్న: కుమ్మరి, కుంభకారుడు, కులాలుడు, శాలివాహన – ఇవన్నీ ఒకే అర్థమిచ్చే మాటలేనా? నగరంలో మట్టిపాత్రల తయారీ నేర్చుకున్న మా అమ్మాయిని కుమ్మరి అనవచ్చునా?
– ఒక పాఠకురాలు

జవాబు: మొదటి మూడూ కుండలు చేసేవారి పేర్లే. కుంభాన్ని చేసేవాడు కుంభకారుడు. ఆ సంస్కృత పదమే ప్రాకృతం మీదుగా అరిగి మనకు కుమ్మరి, కన్నడిగులకు కుంబార, మరాఠీవారికి కుంభార్ అయింది. కులాలుడు గ్రంథాలలోనే కనిపించే మాటయినా చాలా పాతది: శ్రీరుద్రంలో ‘నమః కులాలేభ్యః కర్మారేభ్యశ్చ’ అంటూ కుమ్మరులకూ కమ్మరులకూ కలిపి నమస్కారం ఉంది. శాలివాహన మాత్రం వృత్తిని తెలిపే మాట కాదు. కుమ్మరింట పెరిగి మట్టిబొమ్మల సైన్యానికి ప్రాణం పోశాడనే శాలివాహనుడి కథను బట్టి కులస్థులు చెప్పుకొనే పేరది. ఉభయ తెలుగు రాష్ట్రాల బి.సి.–బి జాబితాలో ‘కుమ్మర’, ‘కులాల’ అనే పేర్ల పక్కనే అదీ ఉంటుంది.

కుండకు మట్టి ఉపాదాన కారణమనీ (అంటే తయారయ్యే పదార్థమనీ), కుమ్మరి నిమిత్త కారణమనీ (అంటే తయారుచేసే కర్త అనీ) వేదాంతులు చెబుతారు. సామెతకు అంత తర్కం అక్కరలేదు: ‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు.’ గుదియ అంటే దుడ్డుకర్ర. ఈ సామెత బరువు తెలియాలంటే పని చూడాలి. మట్టిలో రాళ్లేరి, నానబెట్టి, తొక్కి, సారె (కుమ్మరి చక్రం) మీద మూతీ మెడా తీర్చి దింపిన కుండకు చాలాచోట్ల ఇంకా అడుగే ఉండదు. పచ్చి ఆరకముందే లోపల రాయి ఆనించి, పైనుంచి చెక్కతో తట్టుతూ అడుగు మూసి, నీడన ఆరబెట్టి, ఆ తరువాత ఆవములో, అంటే కుండల బట్టీలో, కాలుస్తారు. ఇంత పనినీ గుదియ ఒక్క దెబ్బతో పెంకులు చేస్తుంది. బురదలో తిరుగుతూ మట్టి అంటించుకోని కుమ్మరిపురుగు ఇంకొక ముచ్చట; సంసారంలో ఉండీ అంటకుండా ఉండేవారికి దానిని ఉపమానంగా చెబుతారు. పెళ్లి వేడుకలో పూజించే ఐరేని కుండలు కుమ్మరింటి నుంచి మేళతాళాలతో తెచ్చే ఆచారం ఇప్పటికీ ఉన్న ఊళ్లలో ఈ పదానికి వేరే వివరణ అక్కరలేదు.

మీ అమ్మాయి విషయానికి వస్తే, నిఘంటువు ప్రకారం అభ్యంతరం లేదు. అయితే ఊళ్లో ఈ మాట వినగానే ముందుగా కులమే స్ఫురిస్తుంది కనుక, ఇతరులు ఆమెను మట్టిపాత్రల కళాకారిణి అనడమే స్పష్టంగా ఉంటుంది. తానుగా ‘కుమ్మరి పని నేర్చుకున్నాను’ అని చెప్పుకుంటే మాత్రం, నా దృష్టిలో, అంతకంటె చక్కని తెలుగు వాక్యం లేదు.