20 వేలలో రైడింగ్ గేర్: ముందు ఏది కొనాలి, ఏ సైజు కొనాలి?

ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ బండి మీదే ఆఫీసు, నెలకో లాంగ్ రైడ్, అప్పుడప్పుడూ వెనక మీ ఆవిడ, చేతిలో 20 వేలు. హెల్మెట్, జాకెట్, గ్లౌజుల్లో దేనికి ఎంత పెట్టాలి, మన ఎండల్లో అసలు జాకెట్ వేసుకోగలమా అని అడిగారు. నేను పదకొండేళ్లుగా 350 సీసీ బండి నడుపుతున్నాను. గట్టిగా పడింది ఒక్కసారే. కింద రాసిన దాంట్లో సగం అప్పుడు తెలిసొచ్చిందే.

నాగార్జునసాగర్ రోడ్డు, యాసంగి కోతల సమయం. రోడ్డుకి ఓ పక్కంతా వడ్లు ఆరబోసి అంచుకి రాళ్లు పేర్చారు. ఎదురుగా బస్సు వస్తుంటే కాస్త పక్కకి జరిగాను. స్పీడు 45 లోపే. ముందు టైరు వడ్ల మీదకి ఎక్కిందో లేదో, గోలీల మీద కాలేసినట్టు సర్రున జారింది. వడ్లు ఎగదోస్తున్న పెద్దమ్మ పార వదిలేసి "దెబ్బ తాకిందా బిడ్డా" అంటూ పరిగెత్తుకొచ్చింది.

లేచి చూసుకుంటే కుడి గ్లౌజు అరచేతి దగ్గరున్న గట్టి ప్లాస్టిక్ బిళ్ల సగానికి అరిగిపోయింది. దాని కింద చేతికి గీత కూడా పడలేదు. మోకాలికి జీన్స్ ప్యాంటు తప్ప ఏమీ లేదు కాబట్టి అది చిరిగి, కంకర లోపలికి దిగింది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఒక్కో రాయి ఏరుతుంటే పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. అసలు విచిత్రం మోచెయ్యి. ఏడు వేలు పెట్టి కొన్న జాకెట్ ఒంటిమీదే ఉంది, దెబ్బ ఆపడానికి లోపల పెట్టే మెత్త, అదే గార్డు, అదీ ఉంది. అయినా మోచెయ్యి చెక్కుకుపోయింది. గార్డు పక్కకి తిరిగిపోయి ముంజేతి మీద ఉంది!

కారణం సైజు. నా ఛాతీకి ఎం సరిపోతుంది. షాపులో కుర్రాడు "ఎల్ తీసుకో అన్నా, ఫ్రీగా ఉంటది" అన్నాడు. నాకూ అదే నచ్చింది. పిల్లాడు ఎదుగుతాడులే అని యూనిఫాం వదులుగా కుట్టించే అమ్మల బుద్ధి మనకీ ఉంటుంది కదా. షర్టుకైతే పర్లేదు. రైడింగ్ జాకెట్ వదులుగా ఉంటే గార్డు ఉండాల్సిన చోట ఉండదు. అందుకే ట్రయల్ చేసేటప్పుడు అద్దం ముందు నిలబడొద్దు. కిందికి వెళ్లి మీ బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. మోచేతి గార్డుని రెండో చేత్తో పట్టి తిప్పి చూడండి. అటూ ఇటూ తిరిగితే చేతి పట్టీలు బిగించండి. అప్పటికీ తిరుగుతుంటే సైజు తగ్గించండి. నిలబడ్డప్పుడు జాకెట్ చేతులు కొంచెం పొడుగనిపిస్తే కంగారు పడకండి, బండి మీద సరిపోతాయి.

లేబుల్ సంగతి. గార్డు మీద ఈఎన్ 1621 (యూరప్ వాళ్ల ప్రమాణం) అని, పక్కన లెవెల్ 1 లేదా 2 అని ఉంటుంది. ఒకే బరువుతో ఒకేలా కొట్టినప్పుడు కిందికి ఎంత బలం దిగుతుందో కొలిచి ఇచ్చే గుర్తు అది. వీపు గార్డు లెవెల్ 1 అయితే సగటున 18 కిలోన్యూటన్లు (బలాన్ని కొలిచే లెక్క), లెవెల్ 2 అయితే 9 దాటకూడదు. అంటే సరిగ్గా సగం. చాలా జాకెట్లలో భుజాలకి, మోచేతులకి మంచి గార్డులు ఇచ్చి వీపు దగ్గర ఉత్త ఫోమ్ ముక్క పెడతారు. జిప్పు తీసి చూడండి. మెత్తగా స్పాంజిలా ఉండి ఏ గుర్తూ లేకపోతే, దాని బదులు లెవెల్ 2 వీపు గార్డు విడిగా కొనుక్కోవాలి. జాకెట్ బట్టకి వేరే గుర్తు ఉంది, ఈఎన్ 17092. అందులో ఏఏఏ అన్నిటికన్నా గట్టిది, తర్వాత ఏఏ, ఆ తర్వాత ఏ. మెష్ జాకెట్లలో, అంటే జల్లెడలా గాలి ఆడే బట్టతో కుట్టిన వాటిలో, ఎక్కువ శాతం ఏ దగ్గరే ఆగుతాయి.

అయినా మీకు మెష్‌నే చెప్తాను. మే నెలలో మూడు లేయర్ల జాకెట్ కొంటే రెండో రోజే బీరువాలోకి పోతుంది. మెష్ కూడా సిగ్నల్ దగ్గర నరకమే, అబద్ధం చెప్పను. బండి కదిలాక మాత్రం గాలి బాగా ఆడుతుంది. లాంగ్ రైడ్‌లో నేను కాటన్ బనియన్ తడిపి లోపల వేసుకుంటాను, గంటసేపు హాయి. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదకి టూవీలర్లని రానివ్వరు కాబట్టి మీకు సిగ్నళ్లు తప్పవు, నీళ్ల బాటిల్ దగ్గర పెట్టుకోండి.

హెల్మెట్ ఫుల్ ఫేస్ తీసుకోండి, ఇందులో బేరం లేదు. ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 4151 (హెల్మెట్ల ప్రమాణం నంబరు) అని, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరుని, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే వాటి మీద స్టిక్కర్ ఉన్నంత మాత్రాన నమ్మలేం. కనుబొమ్మల పైన తల చుట్టూ టేపుతో కొలుచుకుని వెళ్లండి. కొత్తలో బుగ్గలు కాస్త నొక్కాలి. నుదుటి మీద ఒకేచోట నొప్పి పుడితే మాత్రం అది మీ తలకి సరిపోయే ఆకారం కాదు. షాపులోనే పావుగంట పెట్టుకుని ఉండండి, వాళ్లు ఏమనుకున్నా సరే. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకి ఎత్తండి. ఊడి వచ్చేలా ఉంటే వద్దు. సెకండ్ హ్యాండ్ అసలొద్దు. లోపలి థర్మాకోల్ ఒకసారి నలిగితే మళ్లీ పనిచేయదు, నలిగిన సంగతి పైకి కనపడదు.

లెక్క ఇలా వేసుకోండి. హెల్మెట్లు రెండు, ఒక్కోటి 4,500 దగ్గర. గ్లౌజులు 2,500. మెష్ జాకెట్ 7,000. మిగిలిన 1,500కి చీలమండ కప్పే గట్టి బూట్లు, ఫ్యాక్టరీ సేఫ్టీ షూ అయినా సరే, లేసులు మాత్రం లోపలికి దోపుకోండి. మోకాలి గార్డులు, వీపు గార్డు వచ్చే జీతంలో. జాకెట్ ఆలస్యమైనా పర్లేదు, గ్లౌజులు రేపే కొనండి. పడేటప్పుడు చాలామందికి ముందు నేలకి ఆనేది అరచెయ్యే.

రెండో హెల్మెట్ గురించి ఒక మాట. కొలత రాసుకెళ్లి తెస్తే మా ఆవిడకి రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. మీ ఆవిడని వెంట తీసుకెళ్లండి. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ పైకి లేచి నుదురు దాకా రాదు, జడ వేసుకుని రమ్మనండి. తల వెనక పెట్టుకునే ప్లాస్టిక్ క్లచర్ ఉంటే హెల్మెట్ పెట్టుకునే ముందే తీసి బ్యాగులో వేసుకోమనండి.