చనిపోయినవారి ఫోటోల గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి,

పాతకాలంలో తీసిన మృతుల ఫోటోల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావని తెలుస్తోంది. ఇలాంటి ఫోటోల గురించి అసలు రాయొచ్చా, రాస్తే ఎంతవరకు వెళ్లొచ్చు అని అడిగావు. ఆలోచిస్తుంటేనే టెన్షన్‌గా ఉందన్నావు. ఆ టెన్షన్ పోగొట్టుకోకు, ఈ విషయం రాసేవాళ్లకి అది ఉండాల్సిందే. రాయడం మాత్రం మానకు.

వ్యాసంలో నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. తల్లి ఒళ్లోని పసిబిడ్డనీ, యుద్ధభూమిలో పడి ఉన్న సైనికుణ్ణీ, కాల్చి చంపిన ఖైదీనీ ఒకే గాటన కట్టేశావు. అందరూ చనిపోయినవాళ్లే కాబట్టి ఫోటోలన్నీ ఒకటే అనుకున్నావు. కావు. ఫోటోలో ఉన్న మనిషిని ఇక ఏదీ అడగలేం. అందుకే ఆ ఫోటో చుట్టూ ఉన్నవాళ్లని అడగాలి. ఎవరు తీయించారు? ఎవరు చూడాలని తీశారు? ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? చూపించొచ్చా వద్దా అన్నది వీటి తర్వాత వచ్చే ప్రశ్న. వీటికి జవాబు దొరికాక చాలాసార్లు అదీ తేలిపోతుంది.

పసిబిడ్డల ఫోటోలనే తీసుకో. 1839లో డాగెరోటైప్, అంటే వెండిపూత పూసిన రాగి ప్లేటు మీద ఫోటో తీసే తొలినాటి పద్ధతి, వచ్చేదాకా ఇంట్లో మనిషి బొమ్మ గీయించి పెట్టుకోవడం డబ్బున్నవాళ్లకే కుదిరేది. ఆ తర్వాత మామూలు కుటుంబాలకీ ఫోటో అందుబాటులోకి వచ్చింది. పుట్టిన కొన్నాళ్లకే పిల్లలు పోవడం మామూలైన కాలం అది. బిడ్డ ఉండగా ఫోటో తీయించలేదు, ఇక ఉన్నది ఇదొక్కటే అవకాశం. బోస్టన్‌లో పేరున్న సౌత్‌వర్త్ అండ్ హాస్ స్టూడియో, చనిపోయినవారి ఫోటోలు తమ స్టూడియోలోనైనా, వాళ్ల ఇంటికి వెళ్లయినా తీస్తామని ప్రకటన ఇచ్చేది. ఇందులో దాచుకునేదేదీ వాళ్లకి కనిపించలేదు.

వీటిలో ఒకదాన్ని కాస్త దగ్గరగా చూడు. అప్పటి ప్లేటు మీద వెలుతురు కొంతసేపు పడితే గానీ బొమ్మ వచ్చేది కాదు. అంతసేపూ బతికున్న మనిషి ఎంత బిగబట్టుకుని కూర్చున్నా కాస్తయినా కదులుతారు. అందుకే కొన్ని ఫోటోల్లో బిడ్డ ముఖం, వేళ్లు, గౌను అంచున లేసు స్పష్టంగా పడితే, ఎత్తుకున్న తల్లి ముఖం మాత్రం చెదిరి ఉంటుంది. నువ్వు ఇలాంటి ఫోటో గురించి ‘ఒళ్లు గగుర్పొడుస్తుంది’ అని రాశావు. అది ఇప్పుడు చూసిన నీ సంగతి. తీయించిన తల్లికి అది తన బిడ్డ ఫోటో, అంతే. ముందు ఆమె ఎందుకు తీయించిందో రాయి. నీకేమనిపించిందో తర్వాత రాసినా చాలు, రాయకపోయినా నష్టం లేదు.

శవాలను ఇనుప స్టాండుకి ఆనించి నిలబెట్టి ఫోటో తీసేవారన్న పేరా తీసెయ్. ఆ స్టాండు బతికున్నవాళ్లు తల కదపకుండా ఉండటానికి పెట్టింది. నిలువెత్తు శవం బరువు మోసే బలం దానికి లేదు. బూట్ల వెనక స్టాండు కాలు కనిపిస్తే, ఆ మనిషి బతికే ఉన్నట్టు. కళ్లు తెల్లగా ఉన్నాయి కాబట్టి చనిపోయినట్టే అన్నదీ అలాంటిదే. అప్పటి ప్లేట్లకి నీలం రంగు బాగా తెల్లగా పడేది, లేత నీలి కళ్లున్నవాళ్లందరికీ ఫోటోలో అదే గతి పట్టేది. చనిపోయినవారి ఫోటో అంటే పాత ఫోటోలు సేకరించేవాళ్లు ఎక్కువ ధర పెడతారు. అందుకే బతికున్నవాళ్ల ఫోటోలకి కూడా ఆ పేరు తగిలించి అమ్ముతున్నారు. నిజంగా చనిపోయినవారిని ఎక్కువగా పడుకోబెట్టి, నిద్రపోతున్నట్టుగానే తీసేవారు. నిక్షేపంగా ఉన్న మనిషిని శవమని రాయడం కూడా ఆ మనిషికి చేసే అన్యాయమే. ఇలాంటి చోట ఒకటికి రెండుసార్లు సరిచూసుకో.

యుద్ధం ఫోటోల దగ్గరికి వచ్చేసరికి, చూడబోయేవాళ్లు ఆ ఇంటివాళ్లు కారు, ఊరూ పేరూ తెలియని జనం. అమెరికా అంతర్యుద్ధంలో ఆంటీటమ్ దగ్గర 1862 సెప్టెంబరులో పోరు జరిగాక ఫోటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ తీసిన ఫోటోలను, మరో ఫోటోగ్రాఫర్ మాథ్యూ బ్రాడీ న్యూయార్క్‌లోని తన గ్యాలరీలో పెట్టాడు. అప్పటిదాకా మృతుల జాబితాలు పేపర్లో చదివి పక్కన పెట్టిన జనం మొదటిసారి ఆ దేహాలను చూశారు. ఆ మేలు ఒప్పుకోవాలి. మరుసటి ఏడు అదే యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు జరిగిన చోట అదే గార్డ్‌నర్ బృందం ఒక కుర్ర సైనికుడి శవాన్ని వేరే చోటి నుంచి మోసుకొచ్చి, రాళ్ల గోడ పక్కన పెట్టి, తుపాకీ ఒకటి ఆనించి, అతను దాక్కుని గురిచూసి కాల్చే సైనికుడని కథ అల్లింది. ఈ సంగతిని చరిత్రకారుడు విలియం ఫ్రాసానిటో ఫోటోలు పోల్చి చూసి 1975లో పూర్తిగా బయటపెట్టాడు. అంటే 100 ఏళ్లకి పైగా ఆ కుర్రాడు జనానికి తనది కాని కథతోనే తెలుసు.

నువ్వు ముట్టుకోని ఫోటో ఒకటుంది, దాన్ని తప్పకుండా చేర్చు. లక్నోలోని సికందర్ బాగ్‌లో 1857 నవంబరులో సుమారు 2,000 మంది తిరుగుబాటు సిపాయిలు చనిపోయారు. ఫోటోగ్రాఫర్ ఫెలిచే బియాటో కెమెరాతో అక్కడికి చేరుకున్నది 1858లో, కొన్ని నెలల తర్వాత. ఫోటోలో గుళ్ల దెబ్బలు తిన్న భవనం, దాని ముందు ఆవరణలో కొందరు మనుషులు, ఒక గుర్రం, ముందువైపు నేలంతా పుర్రెలు, ఎముకలు. అన్ని నెలల తర్వాత ఎముకలు కెమెరా ముందుకి అంత పొందికగా ఎలా వచ్చాయి? ఫోటో కోసం వాటిని బయటికి తీయించి నేల మీద పరిచేలా చేశాడని చరిత్రకారులు చెబుతారు. నాకు ఈ ఫోటో చూసిన ప్రతిసారీ కోపం వస్తుంది. చంపినవాళ్లు గెలిచినవాళ్లు, ఫోటో కొనుక్కునేవాళ్లు కూడా వాళ్లే. మధ్యలో సిపాయిల ఎముకలకి మట్టిలో కూడా నెమ్మది లేకుండా చేశారు. అయినా ఆ ఫోటోని దాచెయ్యాలని నేను అనను. అది 1857 గురించి చెప్పేది తక్కువ. 1858లో గెలిచినవాడు తన గెలుపుని ఎలా చూసుకోవాలనుకున్నాడో చెప్పేదే ఎక్కువ. ఆ లెక్కన చూస్తే దానికి మించిన సాక్ష్యం లేదు. నువ్వు రాయాల్సింది అదీ.

ఖైదీల ఫోటో గురించి ఎక్కువ చెప్పను. 1886లో బర్మాలోని మాండలేలో బ్రిటిష్ సైన్యం ఖైదీలను వరుసగా నిలబెట్టి కాల్చేటప్పుడు, సైనికాధికారి విలోబీ హూపర్ తూటాలు తగిలే క్షణాన్ని ఫోటో తీయాలని చూశాడు. అందుకోసం కాల్పులు ఆపించాడన్న ఆరోపణ లండన్ పేపర్లకెక్కి గొడవైంది, విచారణ కూడా జరిగింది. కెమెరా కోసం చావుని ఆపి ఉంచడం తప్పని సామ్రాజ్యం నడిపినవాళ్లే గుర్తించిన సందర్భం ఇది. ఇందులో నీ వ్యాఖ్యానం అక్కర్లేదు, జరిగింది రాస్తే చాలు.

ఇక ఎమెట్ టిల్. నీ వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టావు, ఇక్కడే ఆగాల్సింది. 1955 ఆగస్టులో అమెరికాలోని మిసిసిపీలో ఈ 14 ఏళ్ల నల్లజాతి కుర్రాణ్ణి చిత్రహింసలు పెట్టి చంపి నదిలో పడేశారు. శవం సొంతూరు షికాగో చేరాక తల్లి మామీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచమంది. కొడుక్కి ఏం చేశారో లోకం చూడాలని పట్టుబట్టింది. వేలమంది వచ్చి చూశారు. అమెరికాలో నల్లజాతివారి పత్రిక జెట్ ఆ ముఖాన్ని అచ్చు వేసింది. కొడుకు ముఖం ఎవరికీ చూపించకుండా సాగనంపే హక్కు ఆమెకి ఉంది. దాన్ని ఆమె తనంతట తాను వదులుకుంది. చంపినవాళ్లని కోర్టు వదిలేసింది గానీ, ఆ ఫోటో చూసిన తరం పౌరహక్కుల పోరాటంలోకి నడిచింది. 2017లో అదే ఫోటో ఆధారంగా తెల్లజాతి చిత్రకారిణి డేనా షుట్జ్ గీసిన బొమ్మని న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో పెడితే, దాని ముందు నిలబడి నిరసన తెలిపారు. ముఖం ఒకటే. ఒకచోట కన్నతల్లి చూపించింది, ఇంకోచోట ఆమెతో సంబంధం లేని మనిషి. ఎవరి పక్షం సరైనదో నువ్వు తేల్చక్కర్లేదు గానీ, ఈ తేడా పట్టించుకోకుండా ఒక్క ఫోటో గురించి కూడా రాయకు.

తీయించినవాడి ఉద్దేశం తిరగబడిన సందర్భం కూడా ఒకటి ఉంది. సిరియాలో నిర్బంధంలో చనిపోయినవారి దేహాలకి నంబర్లు వేసి ఫోటోలు తీసి ఫైళ్లలో పెట్టడం అక్కడి సైనిక పోలీసుల పని. ఆ పని చేసిన ఒక ఫోటోగ్రాఫర్ ‘సీజర్’ అన్న మారుపేరుతో 2013లో దేశం దాటి వచ్చాడు. అతను బయటికి చేర్చినవి 50,000కి పైగా ఫోటోలు. రికార్డు కోసం తీసినవే నేరానికి సాక్ష్యమయ్యాయి, జర్మనీలో కోబ్లెంజ్ కోర్టు విచారణలో వాటిని పరిశీలించారు. కబురు తెలియక ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు ఆ ఫోటోల్లో తమవాళ్ల కోసం ముఖం తర్వాత ముఖం వెతుక్కున్నాయి. దొరికితే కన్నీళ్లు, దొరకకపోతే మళ్లీ ఎదురుచూపు. వాళ్లలో ఎవరైనా నీ వ్యాసం చదవొచ్చని గుర్తుపెట్టుకుని రాయి. నాకు తెలిసినంతలో ఈ విషయానికి ఇంతకు మించిన జాగ్రత్త లేదు.

మాటలతో వర్ణించడం కూడా చూపించడమే. ఫోటో వేయలేదు కదా అని గాయాన్ని మూడు పేరాలు రాస్తే ఒరిగిందేమీ లేదు. నువ్వు యుద్ధభూమిలోని సైనికుడి ముఖం గురించి రాసిన భాగంలో విశేషణాలు ఎక్కువయ్యాయి. తారీఖు, స్థలం, ఎవరు కదిపారు, ఎవరు తీశారు, ఇవి మిగిల్చి తక్కినవి కొట్టెయ్.

అచ్చు వేసే ఫోటోల సంగతి. పసిబిడ్డ ఫోటోని వ్యాసం నెత్తిమీద పెద్దగా పెట్టొద్దు, దాని గురించి చెప్పే చోటే పెట్టు. సికందర్ బాగ్ ఫోటో మొత్తం వెయ్యి, ఎముకల వరకే కత్తిరిస్తే మనుషులు పోతారు, భవనం పోతుంది, అది పన్నిన దృశ్యమని పట్టుకునే ఆధారం కూడా పోతుంది. సీజర్ ఫోటోలు ఒక్కటీ వద్దు. ఎమెట్ ఫోటో వేస్తే, చూపించమన్నది ఎవరో క్యాప్షన్‌లోనే ఉండాలి. బతికున్నప్పుడు నవ్వుతూ తీయించుకున్న ఫోటో కూడా ఉంది, మామీ దాన్నీ పెట్టె దగ్గర పెట్టించింది. పక్కన అది కూడా వెయ్యి.

దిద్దిన ప్రతి పంపు. పేరు తెలిసినచోట పేరు రాశావో లేదో ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో