తాదాత్మ్యతా? పోల్చుకోవడమా?

సందేహం: నలుగురూ నన్ను దూరం పెట్టిన రోజుల్లో ‘కన్యాశుల్కం’ నాటకం చదివి, అందులోని వేశ్య మధురవాణితో తాదాత్మ్యత చెందాను. ఆ మాటే ఒక వ్యాసంలో రాస్తే, ‘తాదాత్మ్యత’ తప్పని మిత్రురాలు కొట్టేసి ‘ఐడెంటిఫై అయ్యాను’ అని దిద్దింది. ఏది సరి? మధురవాణిని ‘వెలివేయబడిన పాత్ర’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: మీ మిత్రురాలు కొట్టేయడం సబబే, దిద్దిన తీరే సబబుగా లేదు. ‘తాదాత్మ్యం’ అన్నప్పుడే ‘అలా ఉండడం’ అనే భావార్థం వచ్చేసింది. దానిమీద మళ్లీ ‘త’ ఎందుకు? ప్రాధాన్యత, ప్రాముఖ్యత, నైపుణ్యత ఈ దోవనే వచ్చి పత్రికల్లో కాపురం పెట్టాయి. ‘ఐక్యత’ను ఇక ఎవరూ కదల్చలేరు. తాదాత్మ్యతనైనా ఆపగలమని నా ఆశ.

అయితే ‘తాదాత్మ్యం’ మాత్రం మీకు సరిపోతుందా? తత్ + ఆత్మ: అదే తానైపోవడం. సహృదయుణ్ణి, అంటే కావ్యాన్ని మనసారా ఆస్వాదించే పాఠకుణ్ణి గురించి చెబుతూ ప్రాచీన సంస్కృత విమర్శకుడు అభినవగుప్తుడు ‘తన్మయీభవనం’ (అందులో లీనమైపోవడం) అన్నాడు. రసానుభవంలో ఇది పరులది, ఇది నాది అన్న ఎరుకే తొలగిపోవాలని ఆలంకారికుల (కావ్యశాస్త్రం రాసినవాళ్ల) మాట. మీకు జరిగింది అది కాదు. మీ బాధ మీకు గుర్తుంది. దాన్నే ఆమెలో చూశారు.

దీనికి తెలుగులో చక్కని మాట ఉంది: పోల్చుకోవడం. ‘పోలు’ అంటే ఒకదానిలా ఉండడం. పోలిక దాని బిడ్డ. ‘పోల్చు’ అంటే సరిచూడడం. ‘కొను’ చేరగానే అర్థం ఎంత లోతుకు దిగిందో చూడండి! ‘చీకట్లో మనిషిని పోల్చుకోలేకపోయాను’ అంటాం. అంటే గుర్తుపట్టలేదని. ‘మధురవాణితో నన్ను పోల్చుకున్నాను’ అంటే తూకం వేసుకున్నారని. ‘మధురవాణిలో నన్ను పోల్చుకున్నాను’ అంటే అక్కడ మీరే కనబడ్డారని. ‘తో’కూ ‘లో’కూ ఇంత దూరం ఉన్న భాషలో ‘కనెక్ట్ అయ్యాను’, ‘రిలేట్ అయ్యాను’ అని రాస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ నాటకం నడిచేదే పోల్చుకోవడం మీద. 1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడ 1909లో తిరగరాసి పెంచినప్పుడు మధురవాణి ఎంతో ఎదిగింది. చివరి అంకంలో మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులింటికి వెళుతుంది. వేశ్యలను గడప తొక్కనివ్వని ఆ మంచి మనిషి, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నా ఆమెను పోల్చుకోలేడు. వేషం తీశాక కూడా ఆయన పోల్చుకోవలసింది ఇంకా మిగిలే ఉంటుంది: చెడనివాళ్లను చెడగొట్టకూడదన్న తల్లి మాటకు కట్టుబడిన మనిషిని. గిరీశం ఇంగ్లీషుకు నవ్వుకుని పుస్తకం మూసేసేవాళ్లు ఈ చోటుకు రానే రారు. మీరు వచ్చారు.

‘వెలివేయబడిన’లోని ‘బడు’ తెలుగు నడక కాదు, ‘వెలివేసిన’ చాలు. కానీ మధురవాణి విషయంలో ఆ మాట వాడడానికి నాకు కొంచెం జంకు. ‘వెలి’ అంటే బయట. ఊరి పెద్దమనుషులు ఆమె దగ్గరికి వస్తూనే ఉన్నారు. సౌజన్యారావు పంతులు వంటివాళ్లు మాత్రం తమ ఇళ్లకు రానివ్వరు. దానికి ‘వెలి’ సరిపోతుందో, వేరే మాట కావాలో, నేను ఇంకా తేల్చుకోలేదు.