స్టిక్కుల గది తాళం

పర్లాకిమిడి,
ఆగస్టు 30

తల్లీ,

గుణుపురం ప్యాసింజర్‌లో మీ బాబాయి తెచ్చిన కవరు అందింది. బండి ఎంతసేపు ఆగుతుంది కనుక, కిటికీలోంచే చేతికిచ్చి "మా గుంట రాసింది మాస్టారూ, కొంచెం చూడండి" అన్నారు. టీ తాగుదురుగాని అని నేను అనేలోపే బండి కదిలిపోయింది.

పన్నెండు పేజీలు. రాత్రి సగం, పొద్దున్న సగం చదివాను. పొద్దున్న అంటే నిన్న, ఆగస్టు 29. ఆ తేదీకి మా ఊళ్లో ఒక విలువ ఉంది. 1863లో ఆ రోజున పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఇక్కడే, సవర భాష నేర్చుకుంది ఇక్కడే, వాడుక తెలుగు కోసం పండితులతో తగువు పెట్టుకుందీ ఇక్కడున్నప్పుడే. ఆయన పేరు మీద నిన్న తెలుగు భాషా దినోత్సవం. 1905లో అదే తేదీన ధ్యాన్‌చంద్ పుట్టాడు కాబట్టి దేశమంతా జాతీయ క్రీడా దినోత్సవం. సరిగ్గా ఆ రోజున హాకీ మీద తెలుగులో రాసిన వ్యాసం నా ఒళ్లో ఉంది. ఇలాంటివి కనబడితే వాడుకోకుండా ఉండలేను. రాసేవాళ్ల జబ్బు ఇది, నీకూ అంటుకుంటుంది.

"ఒడియా మీడియంలో చదివాను, తప్పులుంటే మన్నించండి" అని మొదట్లోనే రాసుకున్నావు. అక్షరాల తప్పులు దిద్దేశాను, వాటి గురించి టెన్షన్ పడకు. నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. మీ ఇంట్లో నువ్వు మాట్లాడే తెలుగు ఈ పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు. కోచ్‌ని "ముఖ్య శిక్షకులు" అన్నావు. గోల్‌కీపర్ "ద్వార రక్షకుడు" అయ్యాడు, గుడి ముందు జయవిజయుల్లా. పెనాల్టీ కార్నర్‌ని "దండన మూల" అన్నావు చూడు, అక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఏదో పాతకాలపు జైలు గది అనుకున్నాను. పెనాల్టీ కార్నర్ అనే రాయి. మైదానంలో పిల్లలు ఏమంటారో అదే తెలుగు. పంతులు గారు తిరిగిన ఊరి నుంచి రాస్తూ ఇంతకంటే వేరే ఏం చెప్పగలను?

ఇక అసలు సంగతి. హాకీ ఇండియా లీగ్‌లో మన ఒడిశా జట్టు కళింగ లాన్సర్స్‌కి కొత్త హెడ్ కోచ్ కావాల్సి వస్తే ఎవరిని తీసుకోవాలి అని నువ్వు అడిగావు, నువ్వే జవాబు చెప్పావు. ఐదుగురి పేర్లు, ఒక్కొక్కరికి ఒక పేజీ. ప్రతి పేజీలోనూ సగం గుణాలు, సగం లోపాలు, కింద మార్కులు. పెళ్లి సంబంధాల మధ్యవర్తి రాసుకునే చీటీలా ఉంది. "ఈయన అపార అనుభవశాలి, గొప్ప వ్యూహకర్త" అనే వాక్యం ఐదుగురికీ సరిపోయింది. మా వీధి చివర కిరాణా షావుకారుకి కూడా సరిపోతుంది.

పెళ్లికి వంటవాణ్ణి మాట్లాడటానికి వెళ్తే వాడు ముందు ఏమడుగుతాడు? "ఎన్ని ఆకులు లేస్తాయి బాబూ?" అంటాడు. వంద ఆకుల వంట చేసేవాడు వేరు, రెండు వేల ఆకుల వంట చేసేవాడు వేరు. నువ్వు ఆకుల లెక్క చెప్పకుండా వంటవాళ్ల పేర్లు చదివావు. ఆ జట్టుకి కోచ్ అంటే అసలు ఏం పని చెయ్యాలి? అది పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు.

ఆ పని ఎలాంటిదో నీకు తెలుసు, ముక్కలు ముక్కలుగా అక్కడక్కడా రాశావు కూడా. హాకీ ఇండియా లీగ్ 2013 నుంచి 2017 దాకా నడిచి ఆగిపోయింది, మళ్లీ 2024 డిసెంబర్ 28న రూర్కెలాలో మొదలైంది, 2025 ఫిబ్రవరి 1న ఫైనల్. అంటే మొత్తం ఐదు వారాలు. నేషనల్ టీం కోచ్‌కి నాలుగేళ్లు ఇస్తారు, లేదా ఇస్తామని చెప్తారు. ఆ సీజన్‌లో లీగ్ కోచ్‌కి దొరికింది ఐదు వారాలు. ఆటగాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి దిగుతారు, ఒకరి పాస్ ఒకరికి అలవాటయ్యేసరికి సగం మ్యాచ్‌లు అయిపోతాయి. అందుకని లీగ్ కోచ్ అసలు పరీక్ష మైదానంలో కంటే ముందు వేలంపాట బల్ల దగ్గర ఉంటుంది. 2024 అక్టోబర్ వేలంలో ఒక్కో పురుషుల జట్టుకి 4 కోట్లు. ఆ డబ్బుతో 24 మందిని కొనాల్సి వచ్చింది. అందులో కనీసం 16 మంది మనవాళ్లు, ఆ పదహారు మందిలో నలుగురు జూనియర్లు, మిగతా 8 మంది విదేశీయులు. హర్మన్‌ప్రీత్ ఒక్కడికే 78 లక్షలు పలికింది. ఉన్న సంచిలో ఐదో వంతు ఒక్క డ్రాగ్ ఫ్లిక్కర్‌కి, అంటే పెనాల్టీ కార్నర్‌లో బంతిని స్టిక్‌తో విసిరినట్టు గోల్‌లోకి పంపేవాడికి, పోశాక మిగతా ఇరవై ముగ్గురినీ ఎలా సర్దాలి? ఆ సర్దుబాటు వచ్చిన మనిషి కావాలి. యూరప్‌లో ఆడే ఏ డిఫెండర్ చవగ్గా దొరుకుతాడో తెలిసినవాడు, ఒడిశా సుందర్‌గఢ్ జిల్లా నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాడితో మూడు రోజుల్లో మాట కలపగలిగినవాడు. ఈ సంగతి ముందు రాస్తే ఐదు పేర్లలో మూడు వాటంతట అవే రాలిపోతాయి. మార్కులు వేసే శ్రమ నీకు తప్పుతుంది.

స్వదేశీ కోచా, విదేశీ కోచా అని మూడు పేజీలు రాశావు. వాటిని కొట్టేశాను. ఇది మన దేశంలో ప్రతి టోర్నమెంట్ తర్వాతా వినబడే పాట, అందులో నీ గొంతు వినబడలేదు. పైగా నేనూ ఒకసారి అదే పాట పాడి పరువు పోగొట్టుకున్నాను.

2023 జనవరి 22. హాకీ ప్రపంచ కప్ క్రాస్‌ఓవర్ మ్యాచ్, గెలిస్తేనే క్వార్టర్‌ఫైనల్; భువనేశ్వర్ కళింగ స్టేడియం. పలాస దాకా బస్సు, అక్కణ్ణించి రైలు, నేనూ ఇంకో ముసలాయనా కలిసి వెళ్లాం. నీళ్లు చల్లిన నీలం టర్ఫ్ లైట్ల కింద మెరుస్తోంది, చెరువు మీద ఆడుతున్నారేమో అనిపించేలా. న్యూజిలాండ్ మీద మనవాళ్లు 2-0 ఆధిక్యంలో ఉన్నారు, తర్వాత 3-1. చివరికి 3-3. షూటౌట్. ఒక్కొక్కరికి 8 సెకన్లు, 23 మీటర్ల గీత దగ్గర్నుంచి బంతి తీసుకొచ్చి గోల్‌కీపర్‌ని దాటాలి. నా ముందు వరసలో బరంపురం నుంచి వచ్చినాయన ఒకాయన, భుజాల మీద ఏడేళ్ల కొడుకు. ఆ పిల్లాడు వాళ్ల నాన్న చెవి దగ్గర వంగి, "నాన్నా, ఇప్పుడు కోచ్ ఏటి చేస్తాడు?" అని అడిగాడు. "ఏటీ చెయ్యడురా, మనలాగే చూస్తాడు" అన్నాడాయన.

ఓడిపోయాం. సడన్ డెత్‌లో.

ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని, ఒళ్లు మండిపోతుంటే, కోచ్‌ని తిడుతూ వ్యాసం రాశాను. విదేశీయులు చాలు, మనవాణ్ణి పెట్టండి అన్నాను. ఆ తండ్రీకొడుకుల మాటలు అందులో రాయలేదు. చేతిలో పడ్డ బంగారం వదిలేసి ఇత్తడి ఏరుకున్నాను. వ్యాసం అచ్చయింది, అదీ బాధ. ప్రపంచ కప్ ముగిసిన మర్నాడే, జనవరి 30న, నేను తిట్టిన ఆ కోచ్ గ్రాహం రీడ్ రాజీనామా చేశాడు. ఒలింపిక్స్‌లో 41 ఏళ్ల తర్వాత పతకం తెచ్చిన జట్టుకి కోచ్ ఆయనే అని నా వ్యాసంలో ఒక్క ముక్క లేదు. మార్చిలో ఆయన చోటికి క్రేగ్ ఫుల్టన్ వచ్చాడు, దక్షిణాఫ్రికా మనిషి. అక్టోబర్‌లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారం. ఒక పాఠకుడు నా వ్యాసం కత్తిరించి, "మనవాణ్ణి పెట్టండి" అన్న చోట ఎర్ర సిరాతో గీత గీసి పోస్టులో పంపాడు. పేరు రాయలేదు. చేతిరాత చూస్తే మాత్రం మా ఊరివాడే.

ఆ ఫుల్టన్ గురించి నువ్వూ రాశావు, "అపార అనుభవశాలి" అని. అది కొట్టేసి పక్కన ఇలా రాశాను చూడు: "2018లో బెల్జియం ప్రపంచ కప్ గెలిచింది భువనేశ్వర్‌లోనే. ఆ రోజు బెల్జియం అసిస్టెంట్ కోచ్ ఈయన." విశేషణం ఒక్కటీ లేదు, మనిషి మాత్రం కనబడతాడు. ఆ ఫైనల్ నేను టీవీలో చూశాను. కప్పు ఎత్తినవాళ్లనే చూశాను, వాళ్ల వెనకాల ఎవరున్నారో పట్టించుకోలేదు.

నీ ఏడో పేజీలో ఒక మంచి ముక్క ఉంది, కానీ దాన్ని నువ్వు జాబితాలా చదివేశావు. 2009 నుంచి 2019 దాకా మన దేశ పురుషుల జట్టుకి కోచ్‌లుగా వచ్చినవాళ్లు: బ్రాసా, నాబ్స్, వాల్ష్, వాన్ ఆస్, ఆల్ట్‌మన్స్, మరైన్, హరేంద్ర సింగ్, రీడ్. పదేళ్లలో ఎనిమిది మంది. వీళ్లలో ఒక్కడి దగ్గర ఆగి ఉంటే బాగుండేది. మరైన్ దగ్గర. 2017లో ఆయన్ని మహిళల జట్టు నుంచి తీసి పురుషుల జట్టుకి వేశారు. కామన్వెల్త్ క్రీడల్లో నాలుగో స్థానం వచ్చేసరికి, ఏడాది కూడా తిరక్కుండా, మళ్లీ మహిళల జట్టుకే పంపేశారు. హరేంద్ర సింగ్ అటు నుంచి ఇటు వచ్చాడు. ఆ మరైన్ దగ్గరే మన అమ్మాయిలు టోక్యో ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచారు. మనిషి అదే, బుర్ర అదే. ఒక చోట అతకలేదు, ఇంకో చోట అతికాడు. ఎందుకు? ఆ ప్రశ్న వెంట వెళ్లు. జవాబు నాకు చెప్పొద్దు, వ్యాసంలో రాయి.

కోచ్ పని కంటికి కనబడే క్షణాలు తక్కువ. కనబడినప్పుడు మాత్రం వదలకూడదు. పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్ గుర్తుందా? రెండో క్వార్టర్ మొదట్లోనే అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్. మన సుందర్‌గఢ్ కుర్రాడే. 40 నిమిషాలకి పైగా పది మందితో ఆడారు. మ్యాచ్ 1-1, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఒక మనిషి తగ్గగానే మిగిలినవాళ్లు ఎవరెటు జరగాలో అప్పటికప్పుడు అరిచి చెప్తే కుదిరే పని కాదు, అంతకుముందు ఎప్పుడో నేర్పి ఉండాలి. నువ్వు ఆ మ్యాచ్‌లో మన గోల్‌కీపర్ గురించి "శ్రీజేష్ గోడలా నిలిచాడు" అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయావు. నిలిచాడు, నిజమే. ఆ గోడకి ముందు ఏ డిఫెండర్ ఎక్కడ నిలబడ్డాడో వీడియో పెట్టుకుని ఇంకోసారి చూడు, ఈసారి బంతిని చూడకుండా.

వీలైతే పాన్‌పోష్ వెళ్లిరా. రూర్కెలాలో ఆ స్పోర్ట్స్ హాస్టల్ గేటు దగ్గర రెండు రోజులు నిలబడితే, నేను చెప్పేదాని కంటే ఎక్కువ నేర్చుకుంటావు. రాయగడలో ధన్‌బాద్ అలెప్పీ బండి ఎక్కితే నేరుగా రూర్కెలాలో దిగుతావు. పెద్దవాళ్లని కోచ్ ఎలా ఉండాలి అని అడగకు, ఉపన్యాసం ఇస్తారు. పిల్లల్ని అడుగు, "నిన్న సారు నిన్ను ఎందుకు తిట్టాడు?" అని. మీ నాన్నగారికి చెప్పి వెళ్లు, ఒక్కదానివీ వెళ్లకు.

చివరిగా నాలుగో పేజీ. తిరిగి పంపుతున్న ఈ కవర్లో మిగతా పదకొండు పేజీలూ ఉన్నాయి, అది లేదు. పారేశానని కంగారు పడకు, నా దగ్గరే ఉంచుకున్నాను. అందులో కింది నుంచి మూడో లైను: "మా హాస్టల్లో పీఈటీ సారు బదిలీ అయ్యాక పది నెలలు ఎవరూ రాలేదు. మాలో మేమే ఆడుకున్నాం." ఆ వెంటనే "ఇక ప్రస్తుత విషయానికి వస్తే" అని మొదలుపెట్టావు. ప్రస్తుత విషయం అదేనే తల్లీ! కోచ్ లేని జట్టులో పది నెలలు ఉన్నదానివి నువ్వు. కోచ్ ఎందుకు కావాలో ఆ ఐదుగురి కంటే నీకే బాగా తెలుసు. వ్యాసం అక్కణ్ణించి మొదలుపెట్టు, లాన్సర్స్ సంగతి దాని వెనకాల వస్తుంది.

అందుకే కొన్ని అడుగుతున్నాను, జవాబులు రాసి పంపు. ఆ పది నెలల్లో గోల్‌లో ఎవరు నిలబడాలో ఎవరు తేల్చేవారు? ఎవరికీ ఇష్టం ఉండదు కదా. బంతి తుప్పల్లోకి పోతే వెతికేది ఎవరు? బాగా ఆడని పిల్లని పక్కన కూర్చోబెట్టే ధైర్యం ఎవరు చేశారు, తర్వాత ఆ పిల్ల వాళ్లతో మాట్లాడిందా? పరుగులు తియ్యడం మొదట మానేసింది ఎవరు? స్టిక్కులు పెట్టే గది ఒకటి ఉండే ఉంటుంది. సారు వెళ్తూ వెళ్తూ ఆ గది తాళం ఎవరి చేతిలో పెట్టాడు?

ఇట్లు,
మీ మాస్టారు